ముందు బ్రేకు పట్టొద్దు, పల్టీ కొడతావ్!

మా చిత్తూరు జిల్లాలో (2022 ఏప్రిల్లో ముక్కలై తిరుపతి వేరే జిల్లా అయిందనుకోండి, అలవాట్లు మాత్రం ఇంకా ఉమ్మడివే) ఏ ఇంట్లోనైనా సైకిలుకి ఆయుష్షు పదో తరగతి దాకానే. ట్యూషనుకి పోను, పాల పాకెట్టు తేను, కొత్తిమీర మర్చిపోతే మళ్ళీ అంగటికి పరిగెత్తను. ఇంటర్లో అబ్బోడు రెసిడెన్షియల్ కాలేజీలో పడగానే సైకిలు మిద్దెక్కుతుంది. వాటర్ ట్యాంకు కింద, విరిగిన ప్లాస్టిక్ కుర్చీల పక్కన, రెండు వానాకాలాలకి చైను తుప్పు పట్టిపోతుంది. ఆ తర్వాత ఎంసెట్లో (పేరు ఈఏపీసెట్ అని మార్చార్లెండి) ర్యాంకొస్తే అదే అబ్బోడికి నాయన 150 సీసీ బండి కొనిస్తాడు. ర్యాంకు ఇంకాస్త బాగుంటే 200 సీసీ.

ఈ రెండు వాహనాలకీ మధ్య ఆ పిల్లోడికి బ్రేకు పట్టడం ఎవరూ నేర్పలేదు. నా గొడవంతా ఇదే.

"నేర్పేదేముంది, అందరికీ వచ్చేదేగా" అంటారా? మీకు సైకిలు నేర్పిన మామయ్యో బాబాయో మొట్టమొదట చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. "రేయ్, ముందు బ్రేకు మాత్రం పట్టొద్దు, పల్టీ కొడతావ్!" సైకిలెక్కిన ప్రతి తెలుగువాడి చెవిలోనూ ఉపనయనంలో మంత్రంలా ఊదిన మాటిది. సైకిలు పోయి బండొచ్చినా, బండి పోయి బుల్లెట్టొచ్చినా ఆ మంత్రం వదలదు. మన ఆఫీసుల్లో బుర్రలు బద్దలుకొట్టుకుని డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ రాసేవాళ్ళు కూడా పార్కింగులోంచి బయటికొచ్చాక కుడికాలి మీదే బతుకు ఆనించి పోతుంటారు. కావాలంటే రేపు సిగ్నల్ దగ్గర చూడండి, కుడిచేతి వేళ్ళు లివరు మీద ఎంతమందికి ఉంటాయో.

మరి నిజమేంటి? బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి ఒరుగుతుంది. ఏపీఎస్సార్టీసీ బస్సులో డ్రైవరు సడన్ బ్రేకేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలినట్టే. అప్పుడు వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రానికి నేల మీద పట్టుండదు. పట్టులేని చక్రాన్ని బిగించేస్తే అది ఆపదు, జారుతుంది. అంటే ఆపే శక్తిలో ఎక్కువ భాగం ఉన్నది మనం ముట్టుకోవద్దన్న ఆ ముందు చక్రంలోనే. వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకున్నవాడు, రెండూ సరిగ్గా వాడేవాడికంటే రమారమి రెట్టింపు దూరం పోయి ఆగుతాడు. రేణిగుంట రోడ్డులో ఆ మిగతా దూరంలో ఆవు ఉండొచ్చు, ఆటో ఉండొచ్చు, పసుపు బట్టలు కట్టుకుని కొండకి నడిచొచ్చే భక్తులు ఉండొచ్చు.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాకా కంబైన్డ్ బ్రేకింగు, ఆ పైవాటికి ఏబీఎస్ తప్పనిసరి. కంబైన్డ్ అంటే ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పడుతుంది. నాకైతే దీని అర్థం ఒకటే అనిపిస్తుంది: "వీళ్ళు ముందు బ్రేకు ఎలాగూ పట్టరు, మనమే పట్టిద్దాం" అని. యూజరు మాన్యువల్ చదవడని తెలిసి డిఫాల్టు సెట్టింగు మార్చేయడం మనకి కొత్తా ఏంటి :)

సరే, ఈ బ్రేకుల పురాణం నాకెందుకు పట్టిందంటే, నేను ఏడాదిగా బీఎంఎక్స్ ఫ్లాట్‌ల్యాండ్ నేర్చుకుంటున్నాను. ర్యాంపులుండవు, మెట్ల మీంచి దూకుళ్ళుండవు. సమంగా ఉన్న సిమెంటు నేల, ఇరవై అంగుళాల చక్రాల సైకిలు, ఆ చక్రాల ఇరుసులకి బిగించిన నాలుగు ఇనప గొట్టాలు. వాటినే పెగ్గులంటారు (ఆ పెగ్గులు కాదు నాయనా). వాటి మీద కాళ్ళు మోపి సైకిల్ని తిప్పడం, నిలబెట్టడం, వెనక్కి నడిపించడం. కావాల్సిన చోటు రెండు కార్లు పెట్టుకునేంత. వేగం మనిషి నడకంత.

ఇందులో మొదటి పాఠం పేరు ఎండో. నడక వేగంలో పోతూ రెండు వేళ్ళతో ముందు బ్రేకు పట్టి, వెనక చక్రాన్ని గాల్లోకి లేపి, మళ్ళీ దించాలి. అంతే. చిన్నప్పుడు ఏ పని వద్దన్నారో సరిగ్గా ఆ పనే! లివరుని ఒక్కసారిగా నొక్కకూడదు, తడిబట్ట పిండినట్టు పిండుకుంటూ పోవాలి. ఒళ్ళు కాస్త ముందుకి ఇవ్వాలి, చక్రం లేవగానే చేతులు బిగబట్టి నడుము వెనక్కి లాక్కోవాలి, చక్రం పైకెళ్ళి ఆగిన క్షణంలో బ్రేకు వదిలేయాలి. మొదటి వారం జానెడు లేచింది. మూడో వారానికి నా వేళ్ళు ఎంతంటే అంత లేచేది. పల్టీ? ఒక్కసారి కూడా కొట్టలేదు. ఎక్కడిదాకా పోతే పల్టీ కొడతామో ఆ గీత దాకా రోజుకి యాభైసార్లు వెళ్ళి వెనక్కొచ్చేవాడికి ఆ గీత ఎక్కడుందో వేళ్ళకి తెలుస్తుంది. దాని దరిదాపులకే పోనివాడు దాన్ని మొదటిసారి చూసేది లారీ ఎదురొచ్చినప్పుడు.

రెండోది ఫుట్‌జామ్. బ్రేకు బదులు బూటుని ముందు టైరుకీ ఫోర్కుకీ మధ్య దూర్చి అదే పని చేయాలి. ఇక్కడ బ్రేకంటే ఏంటో పాదానికి తెలుస్తుంది. ఆ తర్వాత రాక్‌వాక్. ముందు చక్రం మీద సైకిల్ని అర్ధచక్రం తిప్పి, వెనక్కి దొర్లుతూ ముందు భాగాన్ని ఇంకో అర్ధచక్రం తిప్పాలి. దూరం నుంచి చూస్తే సైకిలు నడుస్తున్నట్టుంటుంది. మన మామూలు ఫ్రీవీలు సైకిలుతో ఒక తిరకాసుంది. వెనక్కి దొర్లేటప్పుడు పెడళ్ళు కూడా వెనక్కి తిరుగుతాయి, వాటితోపాటు కాళ్ళూ తిప్పాలి, లేకపోతే సైకిలు మనల్ని దించేస్తుంది. దీనికోసమే ఫ్రీకోస్టర్ అని వేరే హబ్బు ఉంది. అదుంటే వెనక్కి పోయినా పెడళ్ళు కదలవు. అసలైన ఫ్లాట్‌ల్యాండ్ సైకిలుకి పెట్టే డబ్బుతో ఒక ఇంటి అద్దె నెలలకి నెలలు గడిచిపోతుంది కాబట్టి నేను మా అక్క కొడుకు వదిలేసిన సైకిలుతోనే లాగిస్తున్నాను. రాక్‌వాక్ ఇప్పటికీ పదిలో నాలుగుసార్లే వస్తుంది.

పడటం సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. ఈ వేగంలో సైకిలు కింద పడుతుంది, మనం చాలావరకు కాళ్ళ మీద దిగుతాం. దిగడం కూడా నేర్చుకునే విద్యే. మోకాళ్ళ కింద మాత్రం పెడళ్ళ పళ్ళు గీరి పిల్లులతో పోట్లాడినట్టుంటుంది. హెల్మెట్టు పెట్టుకుంటాను, మోకాలి కవచాలు పెట్టుకుంటాను. మా అమ్మకి తృప్తిగా ఉండాలని మోచేతులకి కూడా.

ఈ ఆట పుట్టుక తమాషాగా ఉంటుంది. 1970ల మొదట్లో కాలిఫోర్నియా పిలకాయలు మోటోక్రాస్ బండ్లని చూసి, అవి కొనే వయసూ డబ్బూ లేక, చిన్న సైకిళ్ళేసుకుని మట్టి దిబ్బల మీద పడ్డారు. బీఎంఎక్స్‌లో ఎంఎక్స్ అదే, మోటోక్రాస్. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి బాబ్ హారో లాంటి కుర్రాళ్ళు దిబ్బలొదిలేసి చదును నేల మీద విన్యాసాలు మొదలెట్టారు. 1982 నాటి స్పీల్‌బర్గ్ సినిమా 'ఈ.టీ.'లో పిల్లలు సైకిళ్ళ మీద పారిపోయే సీను గుర్తుందా? అందులో స్టంట్లు తొక్కినవాళ్ళలో ఆయనొకడు. ఆ దశాబ్దం రెండో సగంలో పెన్సిల్వేనియాలో యార్క్ అనే ఊరి కెవిన్ జోన్స్, ఒకచోట ఆగి చేసే విన్యాసాల్ని దొర్లుతూ చేసేవిగా మార్చేశాడు. ఎక్స్ గేమ్స్ వాళ్ళు 2003 తర్వాత ఫ్లాట్‌ల్యాండ్‌ని తీసి పక్కనపెట్టారు. ఒలింపిక్స్‌లోకి 2008లో బీఎంఎక్స్ రేసు వచ్చింది, టోక్యోకి ర్యాంపుల మీద ఫ్రీస్టైలు కూడా వచ్చింది, ఇది మాత్రం రాలేదు. 2019లో చైనాలోని చెంగ్డూలో జరిగిన యూసీఐ అర్బన్ సైక్లింగ్ ప్రపంచ పోటీల్లో చేర్చారు, అంతే. లాభం లేని ఆటల్లోకెల్లా లాభం లేని ఆట. అందుకే నాకు నచ్చింది.

వాళ్ళు మోటారు ఆటని సైకిలు మీదికి దించుకున్నారు. మనం సైకిలు మీద ఆడాల్సింది ఆడనివ్వకుండా పిల్లల్ని మోటారు మీదికి ఎక్కిస్తున్నాం. తేడా అక్కడుంది.

ఇదేదో అమెరికా సరుకు, మనకెందుకూ అనేవాళ్ళకి ఒకమాట. మీ నాయన్నో తాతనో 'సైకిలు తొక్కేవాడి' గురించి అడగండి. ఊరి బడి ముందరో రచ్చబండ దగ్గరో ఒకాయన దిగేవాడు. గుండ్రంగా గీత గీసి, కొయ్యలు పాతి, ట్యూబులైట్లు కట్టి, మైకు సెట్టులో సినిమా పాటలు పెట్టి, మూడు రోజులో ఏడు రోజులో సైకిలు దిగకుండా అదే గుండ్రంలో తొక్కేవాడు. స్నానం దాని మీదే, గడ్డం గీసుకోవడం దాని మీదే, అన్నం దాని మీదే. సాయంత్రమైతే జనం చేరాక అసలు పని మొదలయ్యేది. హ్యాండిలు మీద కూర్చుని వెనక్కి తొక్కడం, ముందు చక్రం లేపి తిరగడం, పోతూ పోతూ నేల మీది రూపాయి నోటుని పళ్ళతో అందుకోవడం. మెచ్చినవాళ్ళు చొక్కాకి నోట్లు పిన్నీసులతో గుచ్చేవాళ్ళు. మా నాయన ఇప్పటికీ ఆ సంగతి చెప్తే ముందుగదిలో లేచి నిలబడి చేతుల్తో చూపిస్తూ చెప్తాడు. హెర్క్యులిస్సో బీఎస్ఏనో, ఇరవై కిలోల సైకిలు, పెగ్గులు లేవు, ఫ్రీకోస్టరు లేదు, సిమెంటు కూడా లేదు, మట్టి! అది ఫ్లాట్‌ల్యాండ్ కాక ఇంకేంటి? ఆ విద్యకి పేరూ పెట్టుకోలేదు, పాఠమూ రాసుకోలేదు, ఎవరి పిల్లలకీ నేర్పించలేదు. "అడుక్కునేవాళ్ళ పని" అని ఒక ముద్రేసి వదిలేశాం. సైకిళ్ళకి కరువా అంటే, 1949 నుంచి టీఐ సైకిల్స్ వాళ్ళు సైకిళ్ళు చేసిన అంబత్తూరు మా చిత్తూరుకి మూడు నాలుగ్గంటల దూరం!

ఇక మన సంగతి. ఐటీవాళ్ళం. మనం కూడా ఆటలాడతాం, కాదనను. కాకపోతే ఏ ఆటైనా మన చేతిలో పడితే నెల తిరిగేసరికి అప్రైజలు అయిపోతుంది. పరిగెడితే మెడలో పతకం ఉండాలి, సైకిలు తొక్కితే యాప్‌లో కిలోమీటర్లు ఉండాలి, ట్రెక్కుకెళ్తే లింక్డిన్‌లో లీడర్‌షిప్ పాఠం ఉండాలి. నేను ఎండో నేర్చుకుంటున్నానని చెప్తే మా టీమ్‌లో మొదటి ప్రశ్న "క్యాలరీలు ఎన్ని కరుగుతాయి?" రెండోది "సర్టిఫికేషన్ ఏమైనా ఉందా?" (ఇది హాస్యమో కాదో నాకిప్పటికీ తేలలేదు). పక్కింటాయన మరీ సూటి మనిషి. "ఏం నాయనా, పెళ్ళి కావాల్సినోడివి, పిలకాయల్తో చేరి ఈ సర్కస్ ఏంది?" అన్నాడు. ఆయన అబ్బాయి తొమ్మిదో తరగతి. స్కూటీ మీద ట్యూషనుకి పోతాడు.

అసలు మంట అక్కడే మొదలైంది. నేను పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, కార్లు పోయాక ఖాళీ అయ్యే మూలలో సాధన చేసేవాణ్ణి. వాచ్‌మన్ కొడుకు మొదట చూసేవాడు, తర్వాత "అన్నా, నేనొకసారి" అన్నాడు. ఆ తర్వాత మూడో అంతస్తు పాప వాళ్ళ సైకిలు తెచ్చుకుంది. దసరా సెలవులకి ఆరుగురయ్యారు. ఎవరు ఎంత నిదానంగా పోయి కాలు కింద పెట్టకుండా ఉంటారో అని పందెం. వేగంగా పోవడానికి కాదండీ, నిదానంగా పోవడానికి పందెం! ఆ పాప నాకంటే బాగా నిలబెడుతుంది. పదిహేను రోజులకి వాట్సాప్ గ్రూపులో నోటీసొచ్చింది: కామన్ ఏరియాలో స్టంట్లు నిషేధం, ఏదైనా అయితే బాధ్యత ఎవరిది అని.

బాధ్యతా? అదే సెల్లారులోంచి రోజూ పొద్దున ఏడున్నరకి లైసెన్సు వయసు రాని నలుగురు పిల్లలు హెల్మెట్లు లేకుండా స్కూటీల మీద బయటికి పోతారు. దాని మీద ఎప్పుడూ నోటీసు రాలేదు. గేరున్న బండికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి మీద నేరం చేస్తే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, అదీ పిల్లాడికి కాదు, తండ్రికో బండి సొంతదారుకో. ఈ సంగతి గ్రూపులో పెట్టాను. ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకొకరు గుడ్‌మార్నింగ్ మెసేజీ పెట్టారు.

మన భాషలో చెప్పాలంటే ఇది టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ మూసేసి కోడుని నేరుగా ప్రొడక్షన్లో పెట్టడం. నడక వేగంలో, సిమెంటు మీద, మోకాలి చిప్ప పోగొట్టుకోవడం తప్ప ఇంకేమీ పోని చోట తప్పులు చేయనివ్వం. ఆ తప్పులన్నీ బైపాస్ రోడ్డు మీద అరవై వేగంలో చేసుకోమంటాం. మన మేనేజరు ఇలాంటి రిలీజు ప్లాను తెస్తే మనం ఊరుకుంటామా?

దీనికి అందరూ ఇచ్చే సమాధానం నాకు తెలుసు. "ఇవాళ సైకిలు మీద లేపినోడు రేపు బండి మీద లేపుతాడు. పోలీసులు పట్టుకునే ఆ స్టంటుగాళ్ళు ఇలాగే తయారయ్యారు." ఈ వాదనని తేలిగ్గా తీసిపారేయను. పల్సర్ ముందు చక్రం లేపి జనం మధ్యలో పోయేవాణ్ణి చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ రెండూ ఒకటి కాదు. బండి మీద వాణ్ణి లేపుతున్నది ఇంజను, వాడు చేసింది యాక్సిలరేటరు తిప్పడం. వాడికి కావాల్సింది రోడ్డు, వేగం, చూసేవాళ్ళు. ఫ్లాట్‌ల్యాండ్‌లో ఇంజను లేదు, వేగం లేదు, చూసేవాళ్ళసలే లేరు. ఆరు నెలలు సాధన చేసినా పక్కనున్నవాడికి "ఏదో సైకిలు దిగుతూ ఎక్కుతూ ఉన్నాడు" అనే కనిపిస్తుంది. రీలుకి పనికిరాదు. హీరోయిజం కావాల్సినవాడు మొదటి వారంలోనే విసుగొచ్చి పోతాడు. మిగిలేవాడు బ్రేకునీ బరువునీ అర్థం చేసుకునే రకం. వాడు రేపు బండెక్కినా నాకు భయం లేదు.

నేనేమీ స్కేట్‌పార్కు కట్టించమని మున్సిపాలిటీని అడగడంలేదు. మట్టి గ్రౌండు దీనికి పనికిరాదు కాబట్టి తిరుపతి తారకరామ స్టేడియం, చిత్తూరు మెసానికల్ గ్రౌండు వాకింగు పెద్దవాళ్ళకే ఉంచండి. కావాల్సింది నున్నటి సిమెంటు. అది మా ఊళ్ళలో కావాల్సినంత ఉంది, గేట్లకి తాళాలేసి. కల్యాణ మండపాల ముందర చూడండి, ఎంతెంత సిమెంటు ఆవరణలో! ముహూర్తాలున్నప్పుడు కాలు పెట్టే సందుండదు, నిజమే. మరి మూఢం వస్తే? ఆషాఢం వస్తే? నెలల తరబడి అక్కడ ఎండుమిరపకాయలు తప్ప ఇంకేం ఉండవు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా పిలకాయల్ని రానిస్తే ఆ సిమెంటు అరిగిపోదు. ఇంజనీరింగు కాలేజీలకి ఎకరాల్లో పార్కింగు ఉంది, ఆదివారం అది కుక్కలకి పడక. మా అపార్ట్‌మెంట్ సెల్లారు మూల కూడా అంతే. ఇప్పుడక్కడ ఎవరిదో పాత ఫ్రిజ్జు పెట్టారు.

ఈ జూన్ జూలైలో మీ చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, అన్నీ తెలుసు కదా, అబ్బోడికి సీటొచ్చింది, ఏ బండి తీసియ్యమంటావు?" అని. మైలేజీ, రీసేలు వాల్యూ మొదలెట్టే ముందు ఒకటడగండి. మిద్దె మీద సైకిలు ఇంకా ఉందా అని. ఉంటే దింపించి, కొత్త బ్రేకు దిమ్మలేయించి, ముందు బ్రేకుతో గీత మీద ఆపి చూపించమనండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆపాక షోరూముకి పొమ్మనండి. మీకు చెడ్డపేరొస్తుంది, నాకిప్పటికే ఇద్దరు మామయ్యల దగ్గరొచ్చింది.

సొంతంగా మొదలెట్టాలనుకునేవాళ్ళకి: పెగ్గులు ఆన్‌లైన్లో వెతక్కండి, మన ఊరి లేత్ షాపులో చేయిస్తారు. కాకపోతే యాక్సిలు కొలత తీసుకుని వెళ్ళండి. పిల్లల సైకిళ్ళ ముందు యాక్సిలు సన్నం, పెద్దమనిషి ఒంటికాలి మీద నిలబడితే వంగిపోతుంది. ముందర మందపాటి యాక్సిలున్న హబ్బు వేయించాకే పెగ్గు బిగించండి. గొట్టం పైన గరుకుగా గాట్లు పెట్టమని మర్చిపోకుండా చెప్పండి, నున్నగా వదిలేస్తే బూటు జారుతుంది. టైర్లలో గాలి, టైరు పక్కన రాసినదానికి మించకుండా, దిట్టంగా ఉండాలి. వెనక బ్రేకు వైరు పాతదే ఉన్నా ఫరవాలేదు. ముందుది మాత్రం కొత్తదేయించండి.